ఈడూజోడూ కుదిరితేనే... గురి కుదిరేది!

గేమింగ్ కంప్యూటర్ అనగానే అందరి చూపూ గ్రాఫిక్స్ కార్డు మీదే. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ లాంటి పోటీ షూటింగ్ ఆటల దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క తలకిందులవుతుంది. అక్కడ ప్రాసెసర్ ఒక ఎద్దయితే, కార్డు రెండో ఎద్దు. ఒకటి పరుగెత్తి, ఇంకోటి నడిస్తే బండి కదిలేది నడక వేగంతోనే. మరి ఆ జత కుదర్చడం ఎలా? వేలకు వేలు పోసే ముందు ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన సంగతులివి...

ఇంటర్ పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే పోరు. కంప్యూటర్ కొనమని అబ్బాయి. కొందామనే నాన్న కూడా అనుకుంటారు. ఎంతవుతుందిరా అంటే కాగితం మీద రాసుకొచ్చిన చిట్టా చేతిలో పెడతాడు. చూస్తే అందులో సగానికి సగం డబ్బు ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే! సరే, నలుగురినీ అడుగుదామని దుకాణానికి వెళ్తే అక్కడాయన పాట వేరు... ‘కార్డు సంగతి తర్వాత చూద్దాం సార్, ముందు ఐ7 తీసుకోండి’ అంటాడు. పక్క దుకాణంలో అడిగితే ‘నాలుగు జీబీ కార్డు వేసిస్తాం, ఏ ఆటైనా ఆడేస్తుంది’ అని ఇంకొకాయన భరోసా.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లినా, బెంగళూరు ఎస్పీ రోడ్‌లో వాకబు చేసినా వినిపించేవి ఇలాంటి మాటలే. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. అలాగని ఎవరూ పూర్తి నిజమూ చెప్పరు. ఎందుకంటే అసలు ప్రశ్న ఎవరూ అడగరు... ‘ఏ ఆట ఆడతావు బాబూ?’ అని.

రెప్పపాటులో పదో వంతు!

ఆటలన్నీ ఒక తానులో ముక్కలు కావు. కథ నడిపించే ఆటలు ఒక రకం. ఊళ్లూ అడవులూ వర్షంలో మెరిసే రోడ్లూ చూసుకుంటూ తీరిగ్గా ఆడేవి. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 అలాంటిదే. అక్కడ బొమ్మ ఎంత అందంగా ఉంటే అంత ఆనందం. కాబట్టి డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకి పోసినా తప్పులేదు.

పోటీ షూటింగ్ ఆటల సంగతి వేరు. అయిదుగురు ఒకవైపు, అయిదుగురు ఇంకోవైపు. గోడ చాటు నుంచి ప్రత్యర్థి తల కనపడుతుంది... మీరు ముందు కాలిస్తే మీరు మిగులుతారు, అతను ముందు కాలిస్తే మీరు ఆ రౌండు అయ్యేదాకా చూస్తూ కూర్చోవాలి. అంతే. గోడ మీద రంగులు ఎంత బాగున్నాయో చూసే తీరిక ఎవరికుంటుంది? కావాల్సిందల్లా తాజా బొమ్మ. ఎంత త్వరగా వస్తే అంత మేలు.

తెర మీద కదిలేదంతా నిజానికి నిశ్చల చిత్రాల వరసే. సినిమాలో సెకనుకి 24 బొమ్మలు తిరిగితే మనకి కదలికలా అనిపిస్తుంది. సినిమాకి అది చాలు, ఎందుకంటే హీరో బదులు మనం తుపాకీ పట్టుకోం. ఆటలో అలా కుదరదు. 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక్కో బొమ్మ 16.7 మిల్లీ సెకన్లు నిలుస్తుంది. 144 హెర్ట్జ్ మీదైతే 6.9 మిల్లీ సెకన్లే. 240 హెర్ట్జ్ మీద 4.2, 360 మీద 2.8.

ఈ అంకెల్ని కాస్త జాగ్రత్తగా చూడండి. 60 నుంచి 144కి మారితే బొమ్మకి దాదాపు 10 మిల్లీ సెకన్లు కలిసొస్తుంది. 144 నుంచి 240కి వెళ్తే వచ్చేది మూడు కూడా లేదు. 240 నుంచి 360కి ఒకటిన్నర లోపే! ఖర్చేమో ప్రతి మెట్టుకీ పెరుగుతూనే పోతుంది. కంటికి కనిపించినదానికి చేయి స్పందించడానికి మామూలు మనిషికి 200 మిల్లీ సెకన్ల అటూ ఇటూ పడుతుంది. కాబట్టి మొదటి మెట్టు దాదాపు అందరికీ పనికొస్తుంది. చివరి మెట్టు ఆటే వృత్తిగా ఉన్నవాళ్లకి.

ఎవరి పని ఏంటి?

ఒకప్పుడు ఈ జత గొడవే లేదు. 1993లో డూమ్ ఆట వచ్చినప్పుడు లెక్కలూ బొమ్మలూ అన్నీ ప్రాసెసరే చూసుకునేది. సెకనుకి 35 ఫ్రేములు దాటకుండా ఆ ఆటని కట్టేశారు. 1996లో వచ్చిన క్వేక్ కూడా మొదట ప్రాసెసర్ మీదే నడిచింది. ఆ ఏడాదే 3డీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ చిప్‌తో బొమ్మలు గీసే పనిని విడిగా ఒక కార్డుకి అప్పగించే దారి చూపించింది. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256ని విడుదల చేసి దానికి ‘జీపీయూ’ అని పేరు పెట్టి ప్రచారం చేసింది. అదే ఏడాది హాఫ్ లైఫ్ ఆటని మార్చి మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు కౌంటర్ స్ట్రైక్ తయారుచేశారు. 2000లో వాల్వ్ కంపెనీ దాన్ని అధికారికంగా విడుదల చేసింది. మన ఊళ్లలో నెట్ సెంటర్ల ముందు సైకిళ్లు బారులు తీరడానికి కారణమైన ఆట అదే!

అప్పట్నుంచీ పని రెండుగా చీలింది. కథా దర్శకత్వం ప్రాసెసర్‌ది. బొమ్మ గీసే పని కార్డుది.

ఒక్కో ఫ్రేముకీ ఏం జరుగుతుందో చూడండి. మీరు మౌస్ కదిపారు, మీట నొక్కారు... ఆ సంగతి ముందు చేరేది ప్రాసెసర్‌కే. సర్వర్ నుంచి మిగతా తొమ్మిది మంది ఎక్కడున్నారో కబురొస్తుంది. ఎవరు ఎటు తిరిగారు, తూటా ఎక్కడ తగిలింది, గ్రెనేడ్ ఎక్కడికి దొర్లింది, అడుగుల చప్పుడు ఎటు నుంచి వినపడాలి... ఈ లెక్కలన్నీ అది తేల్చాలి. ఆ తర్వాత ‘ఇదిగో, ఇవి ఇవి ఇక్కడిక్కడ గీయి’ అని కార్డుకి చిట్టా పంపాలి. అప్పుడు కార్డు తెర మీది చుక్కలన్నిటికీ రంగు వేస్తుంది. 1080పీ తెర మీద ఆ చుక్కలు 20.7 లక్షలు. 1440పీలో 36.9 లక్షలు. 4కేలో 82.9 లక్షలు.

కిటుకంతా ఇక్కడే ఉంది. తెర పెద్దదైనకొద్దీ, రంగులూ నీడలూ పెంచినకొద్దీ పెరిగేది ఎక్కువగా కార్డు పని. ప్రాసెసర్ లెక్కలు మాత్రం దాదాపు అంతే ఉంటాయి. పోటీ ఆటగాళ్లు ఏం చేస్తారు? 1080పీ తెర పెట్టుకుని, సెట్టింగులన్నీ కిందికి దించేస్తారు. కౌంటర్ స్ట్రైక్‌లో పేరున్న ఆటగాళ్లు చాలామంది ఇప్పటికీ 1280 బై 960 కొలతల్లోనే ఆడతారు. అంటే కార్డుకి పని తగ్గించేశారన్నమాట. ఇక వేగమంతా ప్రాసెసర్ సెకనుకి ఎన్నిసార్లు లెక్క తేల్చగలదన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఒక చిన్న లెక్క... ప్రాసెసర్ ఒక ఫ్రేము లెక్క తేల్చడానికి 5 మిల్లీ సెకన్లు తీసుకుంటోందనుకుందాం. అంటే సెకనుకి 200 ఫ్రేములు. కార్డేమో 2.5 మిల్లీ సెకన్లలో గీసేస్తోంది. అంటే 400 గీయగలదు. మీకు తెర మీద వచ్చేది ఎంత? 200 మాత్రమే. సగం సమయం కార్డు చేతులు కట్టుకు కూర్చుంటుంది. ఇప్పుడు రెట్టింపు ఖరీదు పెట్టి ఇంకా పెద్ద కార్డు తెచ్చారనుకోండి... అప్పుడూ 200లే! దీన్నే గేమింగ్ భాషలో ‘బాటిల్‌నెక్’ అంటారు. సీసా ఎంత పెద్దదైనా మూతి సన్నగా ఉంటే నీళ్లు అంతే పడతాయి మరి.

పోపుల డబ్బా రహస్యం

సరే, మంచి ప్రాసెసర్ కావాలి. మంచిదంటే ఏది? ఎక్కువ కోర్లున్నదా? ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్నదా? రెండూ కొంతవరకే నిజం.

ఈ ఆటల లెక్కల్లో ఎక్కువ భాగం ఒకదాని తర్వాత ఒకటిగా తేలాల్సినవి. తూటా ఎటు వెళ్లిందో తేలకుండా ఎవరికి తగిలిందో తేల్చలేం కదా! అందుకే పదహారు కోర్లున్నా కొన్ని కోర్ల మీదే భారమంతా పడుతుంది. ఒక్కో కోర్ ఎంత చురుగ్గా ఉందన్నదే ముఖ్యం. ఆరు నుంచి ఎనిమిది కోర్లుంటే ఈ ఆటలకి హాయిగా సరిపోతుంది.

రెండోది క్యాష్ మెమరీ. దీన్ని వంటింటితో పోల్చి చూడొచ్చు. పొయ్యి పక్కనే పోపుల డబ్బా ఉంటే చిటికెలో తాలింపు అయిపోతుంది. ఆవాల కోసం ఒకసారి, జీలకర్ర కోసం ఒకసారి సామాన్ల గదికి వెళ్లి రావాలంటే? వంటామె ఎంత చురుకైనదైనా పప్పు మాడుతుంది! ప్రాసెసర్ లోపలుండే క్యాష్ పోపుల డబ్బా. బయటుండే ర్యామ్ సామాన్ల గది. షూటింగ్ ఆటల్లో ఆటగాళ్ల స్థానాలూ తుపాకుల వివరాలూ పదేపదే కావాలి. అవి డబ్బాలోనే దొరికితే పని చకచకా సాగుతుంది.

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ ఏఎండీ కంపెనీ 2022 ఏప్రిల్‌లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ. అంతకుముందున్న 5800ఎక్స్‌కీ దీనికీ ఎనిమిదేసి కోర్లే. పైగా కొత్తదాని వేగం గరిష్ఠంగా 4.5 గిగాహెర్ట్జ్, పాతదాని వేగం 4.7. అంటే కాగితం మీద కొత్తదే నెమ్మది. కానీ క్యాష్‌ని 32 ఎంబీ నుంచి 96 ఎంబీకి పెంచారు. ఉన్న చిప్ మీద ఇంకో పొర క్యాష్‌ని అతికించారన్నమాట. ఆటల్లో పాతదాన్ని దాటి పరుగెత్తింది. అదే దారిలో 2023లో 7800ఎక్స్3డీ, 2024 నవంబరులో 9800ఎక్స్3డీ వచ్చాయి. పోటీ ఆటలాడేవాళ్ల చిట్టాల్లో ఈ ‘ఎక్స్3డీ’ అన్న తోక పదేపదే కనిపించడానికి కారణం ఇదే.

ర్యామ్ విషయంలోనూ చిన్న మెలిక ఉంది. 16 జీబీ ఒకే కడ్డీగా కొనే కంటే 8 జీబీవి రెండు వేస్తే ప్రాసెసర్‌కి రెండు దారులు తెరుచుకుంటాయి. సామాన్ల గదికి రెండు తలుపులున్నట్టు! అలాగే ర్యామ్ మీద రాసున్న వేగం దానంతటదే రాదు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనేదాన్ని ఆన్ చేయాలి. డబ్బు పోసి కొన్న వేగాన్ని వాడకుండా ఏళ్ల తరబడి నడిపేవాళ్లు ఎంతమందో. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. అలాంటప్పుడు ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవడం ఇంకా అవసరం.

సగటు చూసి మోసపోవద్దు

‘మా సిస్టమ్‌లో 250 ఫ్రేములు వస్తున్నాయి’ అని పిల్లలు గొప్పగా చెబుతుంటారు. ఎప్పుడు? ఎవరూ లేని సందులో నడుస్తున్నప్పుడు! అయిదుగురు ఒక్కసారిగా మీద పడి, పొగ బాంబులు పేలి, నలువైపులా కాల్పులు జరుగుతున్నప్పుడు ఎన్ని వస్తున్నాయన్నదే అసలు పరీక్ష. గెలుపోటములు తేలేది ఆ రెండు సెకన్లలోనే కదా.

అందుకే పరీక్షలు చేసేవాళ్లు సగటుతో పాటు ‘ఒక శాతం లో’ అనే అంకె కూడా ఇస్తారు. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. సగటు 250 ఉండి, ఇది 80కి పడిపోతే తుపాకీ తిప్పిన ప్రతిసారీ బొమ్మ తడబడుతుంది. సగటు 180 ఉన్నా, ఇది 130 దగ్గర నిలిస్తే చేయి హాయిగా ఆడుతుంది. 2023 సెప్టెంబరులో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చాక ఈ తేడా చాలామందికి తెలిసొచ్చింది. అందులో పొగ నిజం పొగలా గదిని నింపుతుంది, తూటా దూసుకెళ్తే మధ్యలో చీలుతుంది. పాత ఆట మీద గంతులేసిన కంప్యూటర్లు కొత్తదాని దగ్గరకొచ్చేసరికి ఆయాసపడ్డాయి.

అలాగని ప్రతి ఆటకీ రాజయోగం అక్కర్లేదు. 2020 జూన్‌లో విడుదలైన వాలరెంట్‌ని రయట్ గేమ్స్ మామూలు కంప్యూటర్లని దృష్టిలో పెట్టుకునే తయారుచేసింది. సెకనుకి 144 ఫ్రేములు కావాలంటే జీటీఎక్స్ 1050టీఐ కార్డు చాలని ఆ సంస్థే చెప్పింది. అది 2016 నాటి చిన్న కార్డు! కౌంటర్ స్ట్రైక్ 2కి కనీసం నాలుగు థ్రెడ్ల ప్రాసెసరూ, 8 జీబీ ర్యామూ, ఒక జీబీ మెమరీ ఉన్న కార్డూ, 85 జీబీ ఖాళీ స్థలమూ ఉండాలంటుంది వాల్వ్. ఇది ఆట తెరుచుకోవడానికి మాత్రమే. పోటీ పడాలంటే ఇంకాస్త పైకి వెళ్లాల్సిందే.

లోపం ఎవరిది... ఇంట్లోనే తేల్చుకోండి

ఇప్పటికే కంప్యూటర్ ఉండి, ‘ఏది మార్చాలి?’ అన్న సందేహమున్నవాళ్లకి రూపాయి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఆటలో ఫ్రేముల అంకె కనపడేలా పెట్టుకుని పది నిమిషాలు ఆడండి. తర్వాత తెర కొలతల్ని బాగా తగ్గించి మళ్లీ అదే చోట ఆడండి. ఫ్రేములు బాగా పెరిగాయా? అయితే ఇంతవరకూ వెనక్కి లాగుతున్నది కార్డు. ఏమాత్రం పెరగలేదా? లోపం ప్రాసెసర్ వైపుంది, లేదా ర్యామ్ వైపుంది. కొత్త కార్డు కొన్నా ఉపయోగం ఉండదు.

టాస్క్ మేనేజర్ కూడా కొంత చెబుతుంది. ఆట నడుస్తుండగా కార్డు వాడకం 95 శాతం పైనే ఉంటే అది తన శక్తంతా పెడుతున్నట్టు. 50, 60 శాతం దగ్గర తచ్చాడుతుంటే ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తున్నట్టు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ‘ప్రాసెసర్ వాడకం 35 శాతమే చూపిస్తోంది, ఇంకా బోలెడు ఖాళీ ఉంది కదా’ అనుకుంటారు. ఆ 35 అన్ని కోర్ల సగటు. ఎనిమిది మందిలో ఇద్దరు చెమటలు కక్కుతూ మోస్తుంటే, మిగతా ఆరుగురు చేతులూపుకుంటూ నడుస్తున్నా సగటు అంతే వస్తుంది!

దేనికి ఏది జోడు?

మీ మానిటర్ నుంచి లెక్క మొదలుపెడితే దారి సులువవుతుంది. తెర ఎంత వేగంగా మారగలదో అన్ని ఫ్రేములు నిలకడగా తేగలిగే జత చాలు.

75 హెర్ట్జ్ నుంచి 144 హెర్ట్జ్ దాకా, ఎక్కువగా వాలరెంట్ లాంటివే ఆడేవాళ్లకి నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్ స్థాయి ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 స్థాయి కార్డు సరైన ఈడు. దీని మీద ఇంకా పెద్ద కార్డు పెట్టడం చిన్న ఇంటికి కోట గుమ్మం పెట్టడమే.

144 నుంచి 165 హెర్ట్జ్ మానిటర్ ఉండి, కౌంటర్ స్ట్రైక్ 2 కూడా గట్టిగా ఆడాలనుకుంటే ఆరు కోర్ల రైజెన్ 5 5600 లేదా ఐ5-12400ఎఫ్ మేలు. జోడుగా ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 3060, ఆర్‌టీఎక్స్ 4060ల్లో అందుబాటు ధరకి దొరికింది. మధ్యతరగతి ఇంటికి అన్నివిధాలా అనువైన జత ఇది.

240 హెర్ట్జ్, ఆపైన కావాలంటే డబ్బు ముందు ప్రాసెసర్‌కి వెళ్లాలి. రైజెన్ 5 7600 దగ్గర మొదలుపెట్టి, స్తోమత ఉంటే 7800ఎక్స్3డీ లాంటివాటి దాకా. కార్డు మాత్రం 4060 టీఐ, 4070 స్థాయి దాటనక్కర్లేదు. 2022లో 1,599 డాలర్లకి విడుదలైన ఆర్‌టీఎక్స్ 4090ని ఐ3 పక్కన కూర్చోబెట్టినా, ఈ ఆటల్లో 299 డాలర్ల 4060కి మంచి ప్రాసెసర్ కలిపిన జతతో పోటీపడలేదు.

కథా ఆటలాడేవాళ్లు ప్రాసెసర్‌కి రూపాయి పెడితే కార్డుకి రెండు రూపాయలు పెట్టినా సరే. పోటీ ఆటలకైతే రెంటికీ దాదాపు సమానంగా పంచడం మంచి లెక్క. పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరబోతుంటే ఇంకొకటి ఆలోచించండి. మెషీన్ లెర్నింగ్, త్రీడీ బొమ్మల పనులకి ఎన్విడియా కార్డుల్లోని ‘కుడా’ ఎక్కువగా అక్కరకొస్తుంది. ఆటకి ఏఎండీ కార్డు చవగ్గా దొరికినా, చదువు కోసం అటు మొగ్గాల్సి రావచ్చు.

మదర్‌బోర్డు కూడా జోడులో భాగమే. ఆర్‌ఎక్స్ 6500ఎక్స్‌టీ కార్డుని పాత తరం పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే వేగం పడిపోతుంది. దానికున్న దారులు నాలుగే, పాత బోర్డులో అవీ ఇరుకవుతాయి. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5 బోర్డు తీసుకుంటే రెండుమూడేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంది. ఒకేసారి అంత డబ్బు పెట్టలేని ఇళ్లకి ఇదో ఊరట.

పేరు గొప్ప... ఊరు దిబ్బ!

దుకాణాల్లో ఎక్కువగా చెల్లుబాటయ్యే మాట ‘ఐ7’. ఏ తరం ఐ7 అన్నది ఎవరూ అడగరు. ఐ7-2600 వచ్చింది 2011లో. ఐ3-12100 వచ్చింది 2022లో. రెంటికీ నాలుగేసి కోర్లే, కానీ ఆటలో ఆ ఐ3 ముందు ఈ ఐ7 నిలవదు. గీత తర్వాత వచ్చే అంకెలే తరాన్ని చెబుతాయి... 2600 అంటే రెండో తరం, 12100 అంటే పన్నెండో తరం. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే నడుస్తుంది. ఆ విండోస్ మీద వాలరెంట్ తెరుచుకోవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండి తీరాలి. పాత ‘ఐ7 గేమింగ్ పీసీ’ చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే ఆటే తెరుచుకోకపోవచ్చు!

‘నాలుగు జీబీ కార్డు’ కూడా ఇలాంటి మాయే. 2014 నాటి జీటీ 730లోనూ నాలుగు జీబీది ఉంది, 2019 నాటి జీటీఎక్స్ 1650లోనూ నాలుగు జీబీయే ఉంది. ఆ రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. జీబీ అన్నది గోదాం ఎంత పెద్దదో చెబుతుంది, అందులో పనివాళ్లు ఎంతమందో చెప్పదు.

సెకండ్ హ్యాండ్ కార్డుల దగ్గర ఇంకో జాగ్రత్త. 2021లో క్రిప్టో కరెన్సీ మైనింగ్ కోసం కార్డుల్ని రాత్రింబవళ్లు నడిపారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం ఆ పద్ధతి మానేశాక అవన్నీ అంగట్లోకొచ్చాయి. అరగంట ఆట నడిపి చూపించమనండి. వేడి, ఫ్యాన్ చప్పుడు, తెర మీద మచ్చలు గమనించాకే డబ్బివ్వండి.

ల్యాప్‌టాప్ అయితే పేరుని అసలే నమ్మొద్దు. ఆర్‌టీఎక్స్ 4060 అన్న ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకరకాల ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. పలచటి అందమైన డబ్బాలో ఉన్నదానికీ, బరువైనదానిలో ఉన్నదానికీ పని తీరులో చాలా తేడా ఉంటుంది. ఎన్ని వాట్లని అడిగి కొనాలి.

ఎండా కరెంటూ కూడా ఆటగాళ్లే

మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం మూడింటికి ఆడి చూడండి. గదే కొలిమిలా ఉంటే డబ్బా లోపల చెప్పేదేముంది! ప్రాసెసర్ వేడి 95, 100 డిగ్రీలకి చేరితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. వేలు పోసి కొన్న వేగం అలా ఆవిరవుతుంది. గాలి ఆడే క్యాబినెట్, సరైన కూలర్, నెలకోసారి దుమ్ము దులపడం... ఇవన్నీ కలిపితే చిన్న ఖర్చే.

కరెంటు లెక్కా చూడాలి. 4060 కార్డు వాడేది 115 వాట్లు. 4090 అయితే 450. మన ఇళ్లలో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది దాదాపు 360 వాట్లే. పెద్ద కార్డు తెచ్చి దానికి తగిలిస్తే కరెంటు పోయిన క్షణమే అదీ పోతుంది. పవర్ సప్లయ్ దగ్గర కక్కుర్తి పడితే మిగతా సామానంతా ప్రమాదంలో పడుతుంది.

చివరి మెట్టు చేతిదే

కొన్నదాన్ని సరిగ్గా వాడకపోవడమూ ఒక నష్టమే. 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఏళ్ల తరబడి 60 మీదే నడిపేవాళ్లున్నారు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి మార్చుకోవాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మానిటర్ తీగని కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి తగిలించి ‘కొత్త కార్డు పనిచేయడం లేదు’ అని దుకాణానికి పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. ఎన్విడియా రిఫ్లెక్స్ లాంటి సదుపాయాన్ని ఆటలోనే ఆన్ చేసుకోవచ్చు. లేని ఫ్రేముల్ని మధ్యలో పుట్టించే ‘ఫ్రేమ్ జనరేషన్’ మాత్రం ఈ ఆటలకి పనికిరాదు. అంకె పెరుగుతుంది గానీ మౌస్ కదలిక తెర మీదకి త్వరగా రాదు.

కనపడిన సాఫ్ట్‌వేర్‌నల్లా దించుకోవడమూ ప్రమాదమే. 2023 అక్టోబరులో ఏఎండీ స్వయంగా ఇచ్చిన ‘యాంటీ ల్యాగ్ ప్లస్’ సదుపాయం కౌంటర్ స్ట్రైక్ 2 లోపలి ఫైళ్లని తాకింది. దాంతో దాన్ని వాడినవాళ్ల ఖాతాలు మోసగాళ్ల కింద జమపడి నిషేధానికి గురయ్యాయి. ఏఎండీ ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పెద్ద కంపెనీకే అలా జరిగితే, ఊరూపేరూ లేని ‘ఎఫ్‌పీఎస్ బూస్టర్’ల సంగతి చెప్పాలా?

ఇంటర్నెట్‌నీ మరవకూడదు. వాలరెంట్‌కి ముంబయిలో సర్వర్లున్నాయి. వాల్వ్‌కి ముంబయితో పాటు చెన్నైలోనూ ఉన్నాయి. అక్కడిదాకా కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం ముందు, కార్డు మార్చితే కలిసొచ్చే రెండు మిల్లీ సెకన్లు ఏపాటి? రెండు గదుల అవతలున్న వైఫై మీద ఆధారపడకుండా రూటర్ నుంచి తీగ లాగండి. ఈ వ్యాసంలో అన్నిటికన్నా చవకైన సలహా ఇదే!

2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ని బహుళ క్రీడా పోటీల్లో భాగంగా గుర్తించింది. 2025లో తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటల్ని నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌కి విడిగా చోటిచ్చింది. అలాగని గేమింగ్ పీసీ కొన్న ప్రతి పిల్లాడూ ఆటగాడవడు, ఖరీదైన బ్యాటు కొన్న ప్రతివాడూ రంజీ ఆడడు కదా. తడబడని కంప్యూటర్ ఇస్తే చాలు... తగలని తూటాకి సాకు వెతుక్కునే పని తప్పుతుంది. అప్పుడు మిగిలేది సాధనే.

దుకాణంలో ఇవి అడగండి

* ప్రాసెసర్ ఏ తరం? ఏ ఏడాది మోడల్? పూర్తి నంబరు బిల్లు మీద రాయించుకోండి.
* పేరు చివర ‘ఎఫ్’ ఉందా? ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. కార్డు లేకపోతే తెర వెలగదు.
* కార్డు పూర్తి పేరేంటి? జీబీ ఒక్కటే చెబితే ఒప్పుకోవద్దు.
* ర్యామ్ ఒక కడ్డీయా, రెండా? ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసిచ్చారా?
* పవర్ సప్లయ్ ఏ కంపెనీది, ఎన్ని వాట్లు? వారంటీ ఎన్నేళ్లు?
* బోర్డు మీద తర్వాతి తరం ప్రాసెసర్ పెట్టుకునే వీలుందా?
* మీరు ఆడే ఆటనే అక్కడ నడిపించి చూడండి. సగటు ఫ్రేములే చూసి రావొద్దు, పొగ బాంబు పేలినప్పుడు ఎన్ని వస్తున్నాయో చూడండి!